టెర్రరిస్టుల చేతికి ప్రమాదకరమైన టెక్నాలజీ, వెనకాల దేశాల సపోర్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ టాపిక్ ఎత్తితే చాలు, కొంతమంది రేపే ఏదో పేలిపోతుందన్నట్టు భయపడతారు, ఇంకొంతమంది ఇదంతా సినిమా కథ అని కొట్టిపారేస్తారు. నేను చాలా ఏళ్లుగా దీని గురించి చదువుతున్నాను, నా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి జవాబు పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అసలు భయపడాల్సింది అణుబాంబుకేనా?

అదొక్కటే అనుకుంటే సగం విషయం వదిలేసినట్టే. విష రసాయనాలు, రోగాలు పుట్టించే క్రిములు, ఆస్పత్రుల్లో వాడే రేడియేషన్ మెషిన్ల లోపలి పదార్థాలు, భుజం మీద పెట్టి విమానాల్ని కొట్టే మిసైళ్లు, డ్రోన్లు, సైబర్ టూల్స్, ఇవన్నీ ఈ లిస్టులోవే, కానీ దేని కథ దానిదే. అణుబాంబు దొరకడం చాలా చాలా కష్టం, దొరికితే మాత్రం ఒక నగరమే పోతుంది, డ్రోన్ అయితే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే వచ్చేస్తుంది, నష్టం చిన్నది. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి, 2001 సెప్టెంబర్ 11న 2,977 మందిని చంపిన 19 మంది దగ్గర ఏ పెద్ద ఆయుధమూ లేదు, ఆ ప్లాన్ మొత్తానికి అయిన ఖర్చు 4 నుంచి 5 లక్షల డాలర్లని అమెరికా విచారణ కమిషన్ తేల్చింది.

టెర్రరిస్టులు సొంతంగా అణుబాంబు తయారుచేసుకోగలరా?

మొత్తం సొంతంగా, మొదటినుంచి, అంటే కుదరదు. డిజైన్ సంగతి తర్వాత, ముందు సరుకు కావాలి, బాగా శుద్ధి చేసిన యురేనియం గానీ ప్లుటోనియం గానీ లేకుండా ఏమీ జరగదు, వాటిని తయారుచెయ్యాలంటే వేల సెంట్రిఫ్యూజ్‌లున్న (యురేనియంని వేగంగా తిప్పి శుద్ధి చేసే మెషిన్లు) ప్లాంటో రియాక్టరో కావాలి, అది ఒక దేశం చేసే పని, ఏ గుహలోనో గోడౌన్‌లోనో అయ్యేది కాదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కలో ఒక బాంబుకి సరిపోయే మోతాదు యురేనియం అయితే 25 కిలోలు, ప్లుటోనియం అయితే 8 కిలోలు. కాబట్టి వాళ్లకున్న దారులు మూడే, దొంగతనం చెయ్యాలి, కొనుక్కోవాలి, లేదా ఎవరైనా ఇవ్వాలి. మూడు దారులూ ఏదో ఒక ప్రభుత్వం గోడౌన్ నుంచే మొదలవుతాయి. అందుకే ఎవరు చేస్తారు అన్న ప్రశ్న కంటే ఎవరి తాళం ఊడింది అన్న ప్రశ్నే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఇది ఊహ కాదు. సోవియట్ యూనియన్ కూలిపోయాక కజకిస్తాన్‌లోని ఒక ఫ్యాక్టరీలో దాదాపు 600 కిలోల శుద్ధి చేసిన యురేనియం సరైన కాపలా లేకుండా ఉండిపోయింది, 1994లో అమెరికా, కజకిస్తాన్ కలిసి దాన్ని రహస్యంగా విమానాల్లో తరలించేశాయి. పైన చెప్పిన లెక్క పెట్టి చూడండి, 20 బాంబుల పైమాటే. ఆ రోజుల్లో జీతాలు రాని సైంటిస్టులు, తుప్పు పట్టిన తాళాలు ఎన్నో చోట్ల ఉండేవి, 1991లో మొదలైన నన్-లూగర్ అనే అమెరికా ప్రోగ్రామ్ డబ్బు పెట్టి వాటిని సరిచేసింది. నా దృష్టిలో గత 40 ఏళ్లలో టెర్రరిజాన్ని ఆపడానికి పెట్టిన ఖర్చుల్లో బాగా పనికొచ్చినవాటిలో అదొకటి, దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

నిజంగా ఎవరైనా ప్రయత్నించారా?

ప్రయత్నించారు. ఇలాంటి ఆయుధాలు సంపాదించడం మతపరమైన విధి అని ఒసామా బిన్ లాడెన్ 1998లో ఇంటర్వ్యూలోనే చెప్పాడు. 2001 ఆగస్టులో, అంటే దాడులకి కొన్ని వారాల ముందు, పాకిస్తాన్ అణుశక్తి కమిషన్‌లో పనిచేసి రిటైరైన సుల్తాన్ బషీరుద్దీన్ మహమూద్ ఆఫ్ఘనిస్తాన్‌లో అతన్ని కలిశాడు. ఆ మాటల వల్ల బాంబేమీ రాలేదు, కానీ ఒక దేశం అణు కార్యక్రమంలో పెద్ద పదవిలో ఉన్న మనిషి ఆ గదిలో కూర్చున్నాడన్న ఒక్క విషయం చాలు నాకు నిద్ర పట్టకపోవడానికి.

ఓమ్ షిన్రిక్యో గురించి అందరూ చెప్తారు, అంత ప్రత్యేకం ఏంటి?

ఏ దేశం సపోర్టూ లేకుండా ఒక గ్రూపు ఎంత దూరం వెళ్లగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ ఒకే కథలో కనిపిస్తాయి, అదీ ప్రత్యేకం. అదొక జపాన్ మతసంస్థ, అక్కడ దాదాపు 10 వేల మంది సభ్యులు, బోలెడు డబ్బు, మంచి యూనివర్సిటీల్లో చదివిన కెమిస్టులు, డాక్టర్లు. ఫుజి పర్వతం దగ్గర పైకి గుడిలా కనిపించే బిల్డింగ్‌లో రసాయన ప్లాంటు కట్టుకున్నారు, రష్యా నుంచి హెలికాప్టర్ తెప్పించుకున్నారు, యురేనియం కోసం ఆస్ట్రేలియాలో ఏకంగా గొర్రెల ఫామ్ కొన్నారు. 1993లో టోక్యోలో ఒక బిల్డింగ్ పైనుంచి ఆంథ్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు క్రిముల్ని చల్లారు, చుట్టుపక్కల వాళ్లు భరించలేని వాసన అని కంప్లైంట్ ఇచ్చారు గానీ ఎవరికీ జబ్బు రాలేదు, ఎందుకంటే వాళ్ల దగ్గరున్నది టీకాలకి వాడే రకం, దానికి మనుషుల్ని చంపే శక్తి లేదు.

క్రిములతో కాలేదని రసాయనాల వైపు వెళ్లారు. 1994 జూన్‌లో మాట్సుమోటో ఊళ్లో సారిన్ అనే విషవాయువు వదిలితే 8 మంది ప్రాణాలు పోయాయి, పోలీసులేమో మొదట ఫోన్ చేసి సాయం అడిగిన ఆ వీధి మనిషినే అనుమానించారు, అప్పటికి అతని భార్య కోమాలో ఉంది, ఆమె మళ్లీ లేవలేదు, 2008లో చనిపోయింది. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఆ తొమ్మిది నెలలూ అసలు వాళ్లని వదిలేసి బాధితుడి చుట్టూ తిరిగారు, మతసంస్థగా రిజిస్టర్ అయిన గ్రూపు జోలికి వెళ్లడానికి వెనకాడారు. చివరికి పోలీసులు రైడ్ చెయ్యబోతున్నారని తెలిసి 1995 మార్చి 20న ఐదుగురు మనుషులు టోక్యో సబ్‌వే రైళ్లలో సారిన్ సంచుల్ని గొడుగు మొనలతో పొడిచి దిగిపోయారు. 13 మంది చనిపోయారు, 5 వేల మందికి పైగా ఆస్పత్రులకి వెళ్లారు, 25 ఏళ్లు మంచం మీదే ఉన్న ఒకామె 2020లో కన్నుమూసింది.

హడావిడిగా చేసిన సారిన్ కాబట్టి అంతటితో ఆగింది, లేకపోతే ఆ ఉదయం రద్దీలో వేలమంది పోయేవాళ్లు. అంటే డబ్బు, చదువు, ఇష్టమొచ్చినంత టైమ్ ఉన్నా వాళ్లు తడబడ్డారు. వాళ్లకి లేనిది అనుభవం ఉన్న సైన్యం ల్యాబ్, మంచి సరుకు, ఈ రెండూ దేశాల దగ్గరే ఉంటాయి. అందుకే దేశాల సపోర్ట్ అన్న ప్రశ్న ఇంత పెద్దది.

డర్టీ బాంబ్ అంటే అణుబాంబు లాంటిదేనా?

కాదండి, మామూలు పేలుడు పదార్థంతో రేడియోధార్మిక పదార్థాన్ని చల్లడం, అంతే. రేడియేషన్ వల్ల వెంటనే చనిపోయేవాళ్లు తక్కువ ఉండొచ్చు, కానీ భయం, నెలల తరబడి క్లీనింగ్, ఖాళీ చెయ్యాల్సిన వీధులు, అదీ నష్టం. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో ఏం జరిగిందో చూస్తే అర్థమవుతుంది, అక్కడ టెర్రరిస్టులెవరూ లేరు, వదిలేసిన క్లినిక్‌లోంచి ఇద్దరు మనుషులు పాత మెషిన్ భాగాన్ని తుక్కు కింద అమ్ముకుందామని పట్టుకెళ్లారు, లోపల సీజియం-137 అనే రేడియోధార్మిక పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే చుట్టాలకీ పక్కింటివాళ్లకీ పంచారు. నలుగురు చనిపోయారు, 249 మందికి అంటుకుంది, లక్షా 12 వేల మందిని స్టేడియంలో నిలబెట్టి చెక్ చెయ్యాల్సొచ్చింది.

కావాలని వాడటానికి దగ్గరగా వచ్చిన దాఖలా 1995లోది, చెచెన్ వేర్పాటువాదులు మాస్కోలోని ఒక పార్కులో సీజియం డబ్బా పాతిపెట్టి టీవీ వాళ్లకి చెప్పారు, పేల్చలేదు. ఇక ఇరాక్‌లోని మోసుల్ సంగతి. 2014 నుంచి 2017 దాకా ఐసిస్ చేతిలో ఉన్న ఆ నగరంలో క్యాన్సర్ చికిత్సకి వాడే కోబాల్ట్-60 మెషిన్లు ఒక గదిలో మూడేళ్లు అలాగే ఉన్నాయి, వాళ్లు వాటిని ముట్టలేదు, తర్వాత సేఫ్‌గా దొరికాయి. ఇలాంటి మెషిన్లు ప్రపంచమంతా ఉన్నాయి, ఉండాలి కూడా, క్యాన్సర్ పేషెంట్లకి అవి ప్రాణం. కోబాల్ట్ బదులు కరెంటుతో నడిచే ఎక్స్-రే యాక్సిలరేటర్లు పెడితే దొంగిలించడానికి అందులో ఏమీ ఉండదు, కానీ వాటికి నిలకడైన కరెంటు, రిపేరు చేసే ఇంజనీర్లు కావాలి, పేద దేశాలకి అదే సమస్య.

క్రిముల ఆయుధాలు సులువంటారు, నిజమేనా?

సులువని చెప్పేవాళ్లు ఓమ్ కథ మళ్లీ చదవాలి. కానీ పూర్తిగా ధీమాగా ఉండటం కూడా తప్పే. 1984లో అమెరికాలోని ఓరెగాన్‌లో రజనీష్ ఆశ్రమం మనుషులు లోకల్ ఎన్నికల్లో గెలవాలని హోటళ్లలో సలాడ్ల మీద సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు క్రిముల్ని చల్లితే 751 మంది జబ్బుపడ్డారు, ఎవరూ చనిపోలేదు. 2001లో అమెరికాలో ఆంథ్రాక్స్ పొడి పెట్టిన ఉత్తరాలు వచ్చాయి, ఐదుగురు పోయారు, 17 మందికి జబ్బు చేసింది. ఎక్కడో బయటి దేశం వాళ్ల పని అనుకున్నారు అంతా, చివరికి ఎఫ్‌బీఐ తేల్చింది ఏంటంటే అది వాళ్ల సొంత ఆర్మీ బయో-డిఫెన్స్ ల్యాబ్‌లో పనిచేసే సైంటిస్టు పని అని. అతను 2008లో కేసు పెట్టకముందే ఆత్మహత్య చేసుకున్నాడు కాబట్టి కోర్టులో విచారణ జరగలేదు. క్వాలిటీ సరుకు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి, మళ్లీ ప్రభుత్వం ల్యాబే.

డ్రోన్లు, మిసైళ్ల మాటేంటి?

ఇప్పటికిప్పుడు రోజూ ప్రాణాలు తీస్తున్నవి ఇవే. 2016 నాటికి ఐసిస్ బజార్లో దొరికే క్వాడ్‌కాప్టర్లకి గ్రెనేడ్లు కట్టి ఇరాక్, సిరియాల్లో వదిలేది, అది ఏ దేశం సాయమూ లేకుండా చేసింది. దేశం సాయం ఉంటే తేడా ఎంత ఉంటుందో లెబనాన్‌లో తెలిసింది, 2006 జూలైలో అక్కడి సాయుధ గ్రూపు హిజ్బుల్లా ఇజ్రాయెల్ యుద్ధనౌక హనిత్‌ని యాంటీ-షిప్ మిసైల్‌తో కొట్టింది, నలుగురు నావికులు చనిపోయారు, అలాంటి మిసైల్ వాళ్ల దగ్గర ఉంటుందని కూడా ఇజ్రాయెల్ అనుకోలేదు, అది ఇరాన్ నుంచి వచ్చిన సరుకు. 2019 సెప్టెంబర్ 14న సౌదీలోని అబ్‌ఖైక్ ఆయిల్ ప్లాంటు మీద డ్రోన్లు, క్రూయిజ్ మిసైళ్లు పడి రోజుకి 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆగింది, అంటే ఆ దేశం ఉత్పత్తిలో సగం. మేమే చేశాం అని యెమెన్ తిరుగుబాటుదారులు హూతీలు అన్నారు, చేసింది ఇరాన్ అని అమెరికా, సౌదీ అన్నాయి, ఇరాన్ కాదంది. ఈ గందరగోళమే సపోర్ట్ ఇచ్చే దేశాలకి కావాల్సింది.

దేశాల సపోర్ట్ అంటే సరిగ్గా ఏంటి?

చాలా రకాలు. డబ్బు, ఆయుధాలు, ట్రైనింగ్, పాస్‌పోర్టులు, దాక్కోడానికి చోటు, ఇవి నేరుగా ఇచ్చేవి. లిబియా గడాఫీ 1980ల్లో బ్రిటన్ మీద పోరాడుతున్న ఐరిష్ గ్రూపు ఐఆర్ఏకి టన్నుల కొద్దీ ఆయుధాలు, సెమ్‌టెక్స్ అనే పేలుడు పదార్థం పంపాడు, 1987లో ఎక్సుండ్ అనే ఓడని ఫ్రాన్స్ పట్టుకునేసరికే ముందు వెళ్లాల్సినవి వెళ్లిపోయాయి. 1988 డిసెంబర్ 21న స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ మీద పాన్ ఆమ్ విమానం పేలి 270 మంది చనిపోయారు, లిబియా ఇంటెలిజెన్స్ మనిషికి 2001లో శిక్ష పడింది, 2003లో ఆ దేశం బాధ్యత ఒప్పుకుంది.

ఇంకో రకం కళ్లు మూసుకోవడం. 2008 నవంబర్ 26న ముంబైకి సముద్రం మీదుగా వచ్చిన 10 మంది చేతిలో ఉన్నవి జీపీఎస్, శాటిలైట్ ఫోన్, తుపాకులు, 166 మందిని చంపారు. పాకిస్తాన్‌లో కూర్చున్న లష్కరే తోయిబా వాళ్లు టీవీలో లైవ్ చూస్తూ ఇంటర్నెట్ కాల్స్‌లో ఎటు వెళ్లాలో చెప్పారు. రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ 2011లో చికాగో కోర్టులో, ఐఎస్ఐ అధికారి ఒకరు తనకి డబ్బిచ్చి నడిపించాడని సాక్ష్యం చెప్పాడు, పాకిస్తాన్ ఒప్పుకోలేదు. అధికారులే చేయించారా, కొంతమంది చేయించారా, తెలిసీ ఊరుకున్నారా అన్న వాదన ఎన్నాళ్లైనా నడుస్తుంది, చనిపోయినవాళ్ల ఇళ్లలో మాత్రం ఆ తేడాకి విలువేం లేదు.

మరి ఏ దేశమైనా అణుబాంబు లాంటిది టెర్రరిస్టులకి ఇస్తుందా?

కావాలని ఇచ్చే అవకాశం చాలా తక్కువ అనే నా నమ్మకం. ఇచ్చాక అది ఎటు తిరుగుతుందో చెప్పలేరు, తమ మీదికే రావచ్చు. పేలిన తర్వాత మిగిలిన ధూళిని పరీక్షిస్తే ఆ సరుకు ఏ రియాక్టర్‌దో పట్టుకునే శాస్త్రం ఉంది, పట్టుబడితే ఆ దేశం మిగలదు. నేను భయపడేది ఇవ్వడానికి కాదు, జారిపోవడానికి. సిరియాలోని అల్ కిబర్‌లో ఉత్తర కొరియా సాయంతో రహస్యంగా కడుతున్న రియాక్టర్‌ని 2007 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ బాంబులేసి కూల్చింది. ఏడేళ్ల తర్వాత, 2014లో, ఆ ప్రాంతం మొత్తం ఐసిస్ చేతుల్లోకి వెళ్లింది. ఆ దాడి చట్టబద్ధమా కాదా అన్నది వేరే చర్చ, కానీ నడుస్తున్న రియాక్టర్ ఉన్న చోట ఐసిస్ జెండా ఎగిరి ఉంటే ఏంటని ఒక్కసారి ఆలోచించండి.

ఏ.క్యూ. ఖాన్ నెట్‌వర్క్ సంగతేంటి, అది దేశమా ప్రైవేటా?

రెండిటి మధ్యలో. పాకిస్తాన్ సెంట్రిఫ్యూజ్ కార్యక్రమాన్ని నడిపిన మనిషి, మలేషియాలో తయారీ, దుబాయ్‌లో గోడౌన్లు, యూరప్ ఇంజనీర్లు, కస్టమర్లేమో ఇరాన్, లిబియా, ఉత్తర కొరియా. 2003 అక్టోబర్‌లో బీబీసీ చైనా అనే ఓడలో లిబియాకి వెళ్తున్న సెంట్రిఫ్యూజ్ పార్టులు దొరికాయి, డిసెంబర్‌లో లిబియా తన కార్యక్రమాన్నే వదిలేసింది, 2004 ఫిబ్రవరిలో ఖాన్ టీవీలో తప్పు ఒప్పుకున్నాడు, మర్నాడే ప్రెసిడెంట్ ముషారఫ్ క్షమాభిక్ష ఇచ్చాడు. బాంబు డిజైన్ డ్రాయింగులు కూడా లిబియా దగ్గర దొరికాయి. అలాంటి డ్రాయింగుల కాపీలు ఇంకెవరి చేతికీ వెళ్లలేదని గ్యారంటీ ఎవరివ్వగలరు?

ప్రభుత్వాలు తయారుచేసిన ఆయుధాలే తిరిగి మన మీదికి వస్తాయా?

వస్తాయి. 1986 నుంచి అమెరికా సోవియట్ సైన్యంతో పోరాడుతున్న ఆఫ్ఘన్ ముజాహిదీన్‌కి స్టింగర్ అనే భుజం మిసైళ్లు ఇచ్చింది, యుద్ధం అయిపోయాక సీఐఏనే డబ్బు పెట్టి వెనక్కి కొనుక్కోవడం మొదలెట్టింది, అన్నీ దొరకలేదు. గడాఫీ ఏళ్ల తరబడి పోగేసిన దాదాపు 20 వేల భుజం మిసైళ్ల గోడౌన్లు 2011లో లూటీ అయ్యాయి. ఇలాంటి మిసైల్ ఎంత పనిచేస్తుందో 2002 నవంబర్‌లో కెన్యాలోని మొంబాసాలో తెలిసేదే, ఇజ్రాయెల్ ప్యాసింజర్ విమానం మీద రెండు పేల్చారు, అదృష్టం కొద్దీ రెండూ తగల్లేదు. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే, అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ దగ్గరున్న హ్యాకింగ్ టూల్ 2017 ఏప్రిల్‌లో లీకైతే మే నెలలో అదే టూల్‌తో వన్నాక్రై అనే వైరస్ వచ్చి బ్రిటన్ ఆస్పత్రుల కంప్యూటర్లు ఆపేసింది.

సైబర్ టెర్రరిజం నిజంగా ఉందా?

ఇప్పటిదాకా కరెంటు గ్రిడ్లు ఆపే స్థాయి దేశాలదే, టెర్రరిస్టు గ్రూపులు అక్కడికి రాలేదు. 2015 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ టీవీ5మోండ్ ఛానల్ ప్రసారాలు ఆగిపోయి స్క్రీన్ల మీద సైబర్ ఖలీఫా అని వచ్చింది, అందరూ ఐసిస్ అనుకున్నారు, విచారణలో మాత్రం వేళ్లు రష్యా హ్యాకర్ల గ్రూపు వైపు చూపించాయి. దేశం టెర్రరిస్టు ముసుగు వేసుకోవడం అంటే ఇదీ.

డబ్బుల దారి ఆపితే సరిపోదా, క్రిప్టో వచ్చాక అదీ కష్టమంటున్నారు?

సరిపోదు కానీ బాగా పనిచేస్తుంది. పాకిస్తాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబర్ దాకా టెర్రరిజానికి వెళ్లే డబ్బు మీద కన్నేసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ గ్రే లిస్టులో, అంటే గట్టిగా గమనించే దేశాల లిస్టులో ఉంది, ఆ ఒత్తిడిలోనే కొన్ని కేసులు, శిక్షలు కదిలాయి. క్రిప్టో అంటే కనపడదు అనుకుంటారు, బిట్‌కాయిన్‌లో ప్రతి లావాదేవీ రికార్డు అందరికీ కనిపిస్తుంది, అందుకే హమాస్ సైనిక విభాగం 2023 ఏప్రిల్‌లో తన దాతల క్షేమం కోసమే బిట్‌కాయిన్ విరాళాలు ఆపేస్తున్నామని చెప్పింది. దేశం నుంచి సూట్‌కేసులో వెళ్లే నగదుకి అలాంటి రికార్డు ఉండదు.

అంతర్జాతీయ చట్టాలు ఏం చేస్తున్నాయి?

కాగితం మీద బాగానే ఉంది. 2004లో వచ్చిన భద్రతా మండలి 1540 తీర్మానం ప్రకారం ప్రతి దేశం ఇలాంటి సరుకు ప్రైవేటు గ్రూపులకి అందకుండా చట్టాలు చెయ్యాలి. రసాయన ఆయుధాలకి తనిఖీ సంస్థ ఉంది, 1975 నుంచి అమల్లో ఉన్న జీవాయుధాల ఒప్పందానికి మాత్రం తనిఖీ చేసేవాళ్లే లేరు. టెర్రరిజం అంటే ఏంటో అందరూ ఒప్పుకునే నిర్వచనమే ఇంకా లేదు, సమగ్ర ఒప్పందం చేద్దామని 1996లో ఇండియా పెట్టిన ప్రతిపాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఒకరికి టెర్రరిస్టు ఇంకొకరికి యోధుడు అనే గొడవ దగ్గరే ఆగిపోతుంది ప్రతిసారీ.

ఏఐ వల్ల ఇది ఇంకా ప్రమాదమా?

అవుననే అనుకుంటున్నాను, కానీ సమాచారం దొరకడం వేరు, చేతితో చెయ్యడం వేరు, ఓమ్ కెమిస్టులకి పుస్తకాల జ్ఞానం తక్కువేం కాదు. ఏఐ ఆ రెండిటి మధ్య దూరాన్ని ఎంత తగ్గిస్తుందన్నదే చూడాల్సింది. దీనికంటే ముందు చెయ్యగలిగే పని ఒకటుంది, ఆర్డర్ ఇస్తే డీఎన్ఏ తయారుచేసి పంపే కంపెనీలు ప్రతి ఆర్డర్‌నీ ప్రమాదకర క్రిముల లిస్టుతో పోల్చి చూడటం. పెద్ద కంపెనీలు చాలావరకు స్వచ్ఛందంగా చేస్తున్నాయి, దీన్ని అన్ని దేశాల్లో చట్టంగా ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

మాలాంటి మామూలు మనుషులు ఏం చెయ్యగలం?

గోయానియా గురించి చెప్పాను కదా. అక్కడ ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ జబ్బుపడుతుంటే డాక్టర్లు ఏదో తిన్నది పడలేదనో ఇంకేదో అనో అనుకున్నారు, రెండు వారాలు ఎవరికీ తట్టలేదు. తుక్కు కొట్టు యజమాని భార్యకి తట్టింది, ఆ మెరిసే వస్తువు ఇంటికి వచ్చినప్పటినుంచే ఇదంతా అని. దాన్ని సంచిలో పెట్టుకుని, కొట్టులో పనిచేసే ఒకతన్ని తోడు తీసుకుని, బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళ్లి డాక్టర్ ముందు టేబుల్ మీద పెట్టింది, ఇదే మా వాళ్లని చంపుతోంది అంది. మర్నాడు ఒక ఫిజిసిస్టు మీటర్ తెచ్చి కొలిస్తే గానీ అదేంటో తెలియలేదు. ఆమె అక్టోబర్‌లో చనిపోయింది.